మీటరు 12 ఓల్టులు చూపినా పంపు తిరగదు

పరకాలలో అన్న ఇంటికి వచ్చిన మూడో రోజు ఉదయం ఆరున్నరకు ఫోను మోగింది. అమెరికాలోని ఒహాయోలో అప్పుడు రాత్రి ఎనిమిది. అక్కడుంటున్న అన్న కొడుకు.

"కాకా, పికప్ స్టార్ట్ కావడం లేదు. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. మీటరు పెట్టి చూశాను, ట్యాంకులోని పెట్రోలు పంపు దగ్గరికి 12 ఓల్టులు వస్తున్నాయి. అంటే పంపే పోయినట్టు కదా?"

నేను నోరు తెరిచేలోగా, చాయ్ తాగుతున్న అన్న అడిగాడు: "బల్బు పెట్టి చూశాడా?"

అన్నది బోరు మోటార్ల రీవైండింగ్ దుకాణం. మోటారు కాలిపోయిందని రైతు ఆటోలో వేసుకొని తెస్తాడు. విప్పితే వైండింగు కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది, తప్పంతా స్టార్టరు డబ్బాలో నల్లబడిన కాంటాక్టుది. పైపులన్నీ పైకి లాగిన ఖర్చు దండగ. పికప్ పెట్రోలు పంపూ అలాంటిదే. బోరు మోటారు నీళ్లలో ఉన్నట్టు అదీ ట్యాంకులో మునిగే పనిచేస్తుంది, చుట్టూ ఉన్న పెట్రోలుతోనే చల్లబడుతుంది, దాన్ని తీయాలంటే ట్యాంకు దించాలి, లేదా వెనుక తొట్టిని పైకెత్తాలి. అందుకే, అమెరికాకు కొత్తగా వచ్చి పాత బండి కొన్నవారు ముందు తీగలను అనుమానించండి, పంపును తరువాత.

తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా ఆగండి. ట్యాంకు వైపు నుంచి సుమారు 2 సెకన్లు సన్నని గుంయ్ శబ్దం రావాలి. అది రాకపోతే ముందుగా ఫ్యూజు చూడండి. ఆ తరువాత రిలే, అంటే పంపుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా: అదే నంబరున్న హారన్ రిలేను దాని స్థానంలో పెడితే నిమిషంలో తేలిపోతుంది. పాత ఫోర్డ్ పికప్‌లలో ప్రయాణికుడి కాళ్ల దగ్గర ఇనర్షియా స్విచ్ ఉంటుంది. గట్టి కుదుపుకు అది పడిపోతే పంపు ఆగుతుంది, పైనున్న మీట నొక్కితే చాలు.

ఇక మావాడి 12 ఓల్టుల సంగతి. మీటరు దాదాపుగా కరెంటు తీసుకోదు. పంపు కనెక్టరు విప్పి కొలిస్తే, తీగలో ఒక్క పోగు మిగిలినా నిండుగా 12 చూపుతుంది. పంపుకు మాత్రం, ఉదాహరణకు, 6 ఆంపియర్లు కావాలి. తుప్పు పట్టిన జాయింటులో అర ఓము నిరోధం ఉంటే అక్కడే 3 ఓల్టులు పోతాయి. పంపుకు మిగిలేది 9.

అందుకే అన్న అడిగిన బల్బు. 55 వాట్ల పాత హెడ్‌లైటు బల్బు సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. పంపు కనెక్టరు విప్పి, దాని రెండు పిన్నులకు ఈ బల్బు కలిపి, వేరొకరితో తాళం తిప్పించండి. ఆ 2 సెకన్లూ బల్బు ధగధగ వెలిగితే తీగలు బాగున్నట్టే, అనుమానం పంపు మీదికి వెళ్తుంది. గుడ్డిగా వెలిగితే, బల్బు ఎర్తు తీగను (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు కలపండి. వెలుగు పెరిగిందంటే దొంగ ఎర్తులోనే ఉన్నాడు.

అదే కనెక్టరులో పెట్రోలు మట్టం చూపే పిన్నులు కూడా ఉంటాయి కాబట్టి వైరింగు పటం లేకుండా చేయి పెట్టవద్దు. అమెరికాలో చాలా ఊళ్ల లైబ్రరీ కార్డుతో రిపేరు మాన్యువళ్లు ఉచితంగా చూడవచ్చు. మనవాళ్లు ఆ కార్డు పిల్లల బొమ్మల పుస్తకాలకే అనుకుంటారు. పెట్రోలు వాసన వస్తుంటే ఈ పరీక్ష జోలికి వెళ్లవద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. వాసన లేకపోయినా ఆరుబయటే చేయండి, తీగలన్నీ బిగించాకే తాళం తిప్పండి. పంపు వేగాన్ని వేరే ఎలక్ట్రానిక్ డబ్బా (మాడ్యూల్) నియంత్రించే కొత్త బండ్లకు ఈ బల్బు పద్ధతి పనికిరాదు. వాటిని దుకాణానికే తీసుకెళ్లండి, కానీ పంపు మార్చే ముందు లోడు మీద, అంటే పంపు కరెంటు లాగుతుండగా, ఓల్టేజి ఎంత పడిపోతోందో కొలిచి చూపమనండి.

ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు నేరుగా చాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) బిగించిన ఎర్తు తీగ మీదికే చిమ్ముతుంది. పరకాలలో పుట్టినవాడికి రోడ్డు మీద ఉప్పు అన్న ఆలోచనే రాదు. మరునాడు వాడు కిందికి దూరి చూస్తే, ఎర్తు బోల్టు చుట్టూ తుప్పు, తీగ కొసన పచ్చని చిలుము. తీగ కొస కత్తిరించి కొత్త లగ్గు (బోల్టుకు బిగించే లోహపు కొస) వేశాడు, చాసిస్‌ను ఇనుప బ్రష్షుతో తళతళలాడేలా గీకి బిగించాడు. పంపు గుంయ్‌మంది.

పాత లగ్గు ఫొటో పంపితే అన్న పెద్దది చేసి చూశాడు. "ఇంతకీ కొత్త పంపు కొనేశాడా?" అన్నాడు. కొనేశాడు. డబ్బా విప్పలేదు కాబట్టి వాపసు తీసుకుంటారని చెప్పాను.