బేస్‌మెంట్‌లో కరివేపాకు టెంట్: ఎంత ఫ్యాన్ కావాలి, గాలి ఎటు వదలాలి?

మిషిగన్, న్యూజెర్సీ, టొరంటో లాంటి చోట్లకి కొత్తగా వచ్చినవాళ్లకి రెండో చలికాలంలో ఈ సందేహం తప్పకుండా వస్తుంది. వేసవంతా డెక్ మీద గుబురుగా పెరిగిన కరివేపాకు అక్టోబరులో ఇంట్లోకి తేగానే ఆకు రాల్చేస్తుంది. కిటికీ దగ్గర వెలుతురు చాలదు, రాత్రి అద్దం పక్కన చలి. దాంతో బేస్‌మెంట్‌లో గ్రో టెంట్ (మొక్కలు పెంచే గుడ్డ డేరా), ఎల్‌ఈడీ లైటు పెడతారు. ఆ తర్వాత ఏ ఫ్యాన్ కొనాలి, గోడకి కన్నం కొట్టించాలా అని మొదలవుతుంది. చాలామందికి కన్నం అక్కర్లేదు. కానీ ఆ మాట చెప్పేముందు కాస్త లెక్క చూడాలి.

ఒక మామూలు టెంట్ తీసుకుందాం. అడుగున 4 అడుగులు × 4 అడుగులు, ఎత్తు ఆరున్నర. అంటే 104 ఘనపుటడుగులు. పైన 240 వాట్ల ఎల్‌ఈడీ, కింద మూడు కరివేపాకు కుండీలు, అంచుల్లో తోటకూర, గోంగూర ట్రేలు. దుకాణంవాళ్లు చెప్పే సూత్రం ప్రకారం టెంట్‌లో గాలంతా నిమిషానికోసారి మారాలి, కాబట్టి 104 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి తోసే) ఫ్యాన్ కావాలి. ఈ సూత్రానికి లైటు సంగతి తెలియదు. అదే టెంట్‌లో 480 వాట్ల లైటు పెట్టినా అదే అంకె చెబుతుంది. ఫ్యాన్ ముఖ్యంగా తోసెయ్యాల్సింది లైటు వేడిని. అందుకని లెక్క వాట్లతో మొదలవ్వాలి.

వాట్లను 3.41తో గుణిస్తే గంటకి ఎన్ని బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి పుడుతుందో వస్తుంది. 240 వాట్లకి సుమారు 820. గదికంటే టెంట్ ఎన్ని డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చగా ఉన్నా ఫరవాలేదో నిర్ణయించుకుని, ఆ తేడాని 1.08తో గుణించి, వచ్చినదానితో 820ని భాగించండి. బేస్‌మెంట్ 70 డిగ్రీలు, టెంట్ 78 దాటకూడదు అనుకుంటే తేడా 8. అప్పుడు 95 సీఎఫ్ఎం కావాలి. జనవరిలో బేస్‌మెంట్ 62కి పడిపోయి, టెంట్ 77 ఉంటే చాలనుకుంటే తేడా 15. అప్పుడు 50 సీఎఫ్ఎం సరిపోతుంది. టెంట్ గుడ్డ గోడల్లోంచి పోయే వేడి ఈ లెక్కలో లేదు, కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే పడుతుంది. ఒకే ఫ్యాన్ రెండు కాలాల్లోనూ పనికిరావాలంటే వేగం తగ్గించుకునే వీలున్నదే కొనాలి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న చౌక ఫ్యాన్ కొంటే జనవరిలో మొక్కలు ఎండిపోతాయి.

పెట్టె మీద వేసే సీఎఫ్ఎం అంకె గొట్టమేమీ తగిలించకుండా కొలిచినది. గొట్టం, వంపు, వలలన్నీ కలిసి దాన్ని బాగా తగ్గిస్తాయి. మన టెంట్‌కి 200 అని రాసి ఉన్న 4 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ (గొట్టం మధ్యలో బిగించేది) చాలు. పైన పడకగది ఉంటే 6 అంగుళాలది తీసుకోండి. 100 సీఎఫ్ఎం గాలి 4 అంగుళాల గొట్టంలో నిమిషానికి దాదాపు 1150 అడుగుల వేగంతో పోతే, 6 అంగుళాలదాంట్లో 500 చిల్లరతో పోతుంది. రాత్రిపూట ఆ ఈల వినిపించకుండా ఉండటానికి ఆ ధర తేడా పెట్టొచ్చు.

బొగ్గు ఫిల్టరు కలిపిన కిట్లు అంటగడతారు, వద్దనండి. అది వాసన పట్టడానికి, గంజాయి పెంచేవాళ్ల కోసం. కరివేపాకుకి దానితో పనిలేదు, పైగా గాలి పారడం తగ్గుతుంది. ఈ సామానంతా ఆ మార్కెట్ కోసం తయారైందే కాబట్టి ఇంకో ముక్క కూడా ఇక్కడే చెప్పాలి. మీ రాష్ట్రంలో వైద్యానికి గంజాయి మొక్క పెంచుకోవడం చట్టబద్ధమే అని, కార్డు కూడా ఇస్తారని ఎవరైనా చెబుతారు. అమెరికా ఇమ్మిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. రాష్ట్రం ఒప్పుకున్నా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన షరతుకి అది అడ్డు కావచ్చని యూఎస్‌సీఐఎస్ (పౌరసత్వ, వలస దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ) 2019 ఏప్రిల్‌లో స్పష్టంగానే రాసింది. హెచ్1బీ, గ్రీన్‌కార్డుల మీద ఉన్నవాళ్లు ఆ జోలికి పోకండి.

ఇక అమరిక. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి ఫ్యాన్ టెంట్ పైకప్పు మూలన, లైటు కంటే ఎత్తులో వేలాడదీయండి. గాలి లోపలికొచ్చే వల కిటికీ దానికి ఎదురు మూలన, నేలకి దగ్గరగా తెరవండి. పక్కపక్కనే పెడితే గాలి మొక్కల్ని తాకకుండానే అడ్డదారిలో వెళ్లిపోతుంది. లోపలికొచ్చే దారి వైశాల్యం బయటికి పోయేదానికి రెట్టింపు ఉండాలి. 4 అంగుళాల గొట్టం నోరు పన్నెండున్నర చదరపు అంగుళాలు, కాబట్టి కింద కనీసం 25 తెరవండి. ఫ్యాన్ తిరిగేటప్పుడు టెంట్ గోడలు కొద్దిగా లోపలికి వంగితే సరిగ్గా ఉన్నట్టు. డొక్క ఎండినట్టు లోపలికి పీక్కుపోతే కింద దారి చాలడం లేదు. అసలు కదలకపోతే ఎక్కడో జిప్పు తెరుచుకుని ఉంది. లోపల గాలి ఆడటానికి ఆరంగుళాల క్లిప్ ఫ్యాను ఒకటి చాలు, అటూ ఇటూ తిరిగేదైతే మరీ మంచిది. ఆకులు సన్నగా ఊగాలి. ఒకే మొక్క మీదకి సూటిగా కొడితే ఆకు అంచులు మాడతాయి.

అసలు సంగతి ఆ ఫ్యాన్ వదిలే గాలి ఎటు పోతుందన్నది. మీరు కుండీలకి పోసే నీళ్లలో దాదాపు అంతా ఆకుల ద్వారా, మట్టి ద్వారా ఆవిరై గాల్లోకే చేరుతుంది. రోజుకి 3 లీటర్లు పోస్తే 3 లీటర్లూ ఇంట్లోకే. చలికాలం హీటర్ నడిచే ఇంట్లో తేమ 25 శాతానికి పడిపోయి, పెదవులు పగిలి, చాలామంది హ్యుమిడిఫైయర్ కొనుక్కుంటారు. 2500 చదరపు అడుగుల ఇల్లు, గంటకి మూడో వంతు గాలి మారుతుంది అనుకుంటే, ఈ మూడు లీటర్లు ఇల్లంతా పరుచుకుంటే తేమ పెరిగేది ఓ నాలుగు శాతం. అంటే ఇంటికి మేలే. లైటు వేడి కూడా బయటికి పారబోసినట్టు కాదు. అందుకే గోడకి కన్నం అక్కర్లేదనడం.

కానీ ఇల్లంతా పరుచుకోవాలి. అదే టెంట్‌ని 12 × 12 గదిలో పెట్టి తలుపు మూస్తే, ఆ 3 లీటర్లకి దారి లేక గోడలే చెమర్చుతాయి. తలుపు తీసి ఉంచండి, లేదా మెట్ల వైపుకి గాలి తోసేలా చిన్న ఫ్యాను పెట్టండి. టెంట్‌లో 75 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలి 60 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు కడుతుంది. బేస్‌మెంట్‌లో అలాంటి చోట్లు ఎక్కువ: పునాది గోడ పైన ఇంటి చెక్క కూర్చునే అంచు, చిన్న కిటికీ అద్దం, తొడుగు లేని చన్నీళ్ల గొట్టాలు. ఫ్యాన్ మూతి వాటి వైపు ఉండకూడదు. పింక్ ఇన్సులేషన్ వెనక చెక్క నల్లబడిందేమో నెలకోసారి వేలు పెట్టి చూడండి. బూజు ముందు కనిపించేది అక్కడే.

గది తేమ 50 దాటి దిగకపోతే, రెండో టెంట్ పెడితే, అప్పుడు బయటికి వదిలే మాట. అప్పుడు కూడా ముందు గ్యాస్ వాటర్ హీటర్ దగ్గరికి వెళ్లి చూడండి. రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బయటికి పోతుంటే ఇబ్బంది లేదు. మీద గొడుగులాంటి లోహపు మూత, దాని పైన చిమ్నీకి పోయే ఇనుప గొట్టం ఉంటే మాత్రం జాగ్రత్త. మీ ఫ్యాన్ ఇంట్లోంచి లాగేసిన గాలికి బదులు గాలి ఎక్కడినుంచో రావాలి. చిమ్నీలోంచి వెనక్కి వస్తే దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే. పరీక్ష తేలిక. టెంట్ ఫ్యాన్, వంటింటి చిమ్నీ, బట్టల డ్రయ్యరు అన్నీ పూర్తిగా నడిపి, వేడినీళ్ల కుళాయి తిప్పి హీటర్ వెలిగాక ఓ ఐదు నిమిషాలు ఆగి, ఆ గొడుగు అంచు దగ్గర అగరొత్తి పట్టుకోండి. పొగ లోపలికి పీల్చుకుంటే సరే. గదిలోకి తిరిగొస్తే ఫ్యాన్ వెంటనే ఆపేసి, బయటికి వదిలే ఆలోచన మానుకోండి. పరీక్ష నెగ్గినా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాలి. బేస్‌మెంట్‌లోంచి గాలి లాగితే నేలలోంచి రేడాన్ (రేడియోధార్మిక వాయువు) కూడా ఎక్కువ రావచ్చు. అమెరికాలో లీటరు గాలికి 4 పికోక్యూరీలు, కెనడాలో ఘనపు మీటరుకి 200 బెకరెల్స్ దాటితే సరిచేయించాలంటారు. ఫ్యాన్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొలిచి చూసుకోండి.

గొట్టం సాగదీసి, ముడతలు లేకుండా, వంపులు రెండుకి మించకుండా నేరుగా బయటికే పోవాలి. అటకలోకి వదిలితే పైకప్పు చెక్క కుళ్లుతుంది. డ్రయ్యరు గొట్టంలో, బాత్రూం ఫ్యాన్ గొట్టంలో, ఫర్నేస్ రిటర్న్‌లో (ఇంటి గాలి హీటర్‌లోకి తిరిగి వెళ్లే గొట్టం) కలపకూడదు. చల్లని చోట పోయే భాగానికి ఇన్సులేషన్ ఉన్న గొట్టం వేసి, అడుగుకి పావు అంగుళం చొప్పున బయటికి వాలు పెట్టండి. లేకపోతే లోపల కట్టిన నీరు ఫ్యాన్ మోటారులోకి కారుతుంది. బయటి మూతికి గాలి వెనక్కి రాకుండా రెక్క ఉండాలి, అది కిటికీలకి 3 అడుగులు, ఇంట్లోకి గాలి తెచ్చే యంత్రాల దారికి 10 అడుగులు దూరంలో ఉండాలి. అద్దె ఇంట్లో గోడ ముట్టుకోకుండా, కిటికీ సందుకి సరిపడా ఇన్సులేషన్ బోర్డు కోసి దాంట్లో గొట్టం బిగిస్తే చాలు.

రాత్రి లైటు ఆరాక ఫ్యాన్ కూడా ఆపేస్తే టెంట్ చల్లబడి తేమ 85కి పోతుంది, బూడిద తెగులు పట్టుకుంటుంది. ఫిబ్రవరిలో వంకాయ, మిరప నారు పోసేవాళ్లకి నారుకుళ్లు తెగులు వచ్చేదీ ఇలాంటి తడి, కదలని గాలిలోనే. అతి తక్కువ వేగంలో రాత్రంతా నడవనివ్వండి. పగలు దీనికి తలకిందులు. ఫ్యాన్ పూర్తి వేగంలో పెడితే తేమ 35కి పడిపోతుంది, ఎర్రనల్లి పండగ చేసుకుంటుంది. ఆకు అడుగున సన్నని సాలెగూడులాంటి పోగులు, పైన సూదిమొన తెల్ల చుక్కలు కనబడితే అదే. కాబట్టి ఫ్యాన్ వేగాన్ని ఉష్ణోగ్రత, తేమ రెండూ చూసి మార్చే కంట్రోలర్ కొంటే డబ్బు దండగ కాదు. 75 నుంచి 78 డిగ్రీలు, 50 నుంచి 60 శాతం మధ్య పెట్టండి. మీటరు ఆకుల ఎత్తులో, లైటు నేరుగా పడకుండా వేలాడాలి. లైటు పడితే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపించి, ఫ్యాన్‌ని ఊరికే పరిగెత్తిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండీ ఆకు రాలుతుంటే గాలిని తిట్టకుండా కుండీ అడుగున చెయ్యి పెట్టి చూడండి. కాంక్రీటు నేల 55 డిగ్రీలుంటే, పైన 77 ఉన్నా వేళ్లు నీళ్లు తాగవు, మట్టి ఆరదు, వేరుకుళ్లు వస్తుంది. కుండీల కింద 2 అంగుళాల ఫోమ్ బోర్డు వేస్తే ఆ గొడవ తీరుతుంది.

వైర్ల విషయం క్లుప్తంగా. 120 వోల్టుల 15 ఆంపియర్ల లైను మీద గంటల తరబడి నడిచే సామాను 1440 వాట్లు మించకూడదు. లైటు, ఫ్యాన్లు కలిపి 300 లోపే కాబట్టి బెంగలేదు. అదే లైను మీద 1500 వాట్ల రూమ్ హీటర్ తగిలిస్తేనే ముప్పు. ప్లగ్గు జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టబోతే కరెంటు ఆపేసేది) ఉన్నదై ఉండాలి, వైరు ప్లగ్గు కంటే కిందకి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, కారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే పడిపోతుంది.

డాలస్, హ్యూస్టన్ వాళ్లకి ఈ హంగామా అనవసరం. గడ్డకట్టే చలి ఉన్న రాత్రులు కుండీ గరాజ్‌లో పెట్టి తెల్లారాక బయట పెడితే చాలు. ఫ్లోరిడా, కాలిఫోర్నియా, టెక్సస్ చుట్టాల్ని మాత్రం మొక్క పార్సిల్ పంపమని అడక్కండి. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే సిల్లిడ్ పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి క్వారంటైన్ ప్రాంతాల నుంచి దాన్ని తరలించడం మీద యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఆంక్షలున్నాయి.

మే చివర్లోనో జూన్‌లోనో రాత్రులు 55 డిగ్రీలకి తగ్గకుండా నిలిచాక కుండీలు బయటికి తియ్యండి, మొదటి వారం నీడలోనే. టెంట్ ఖాళీ అయ్యాక ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్న దుమ్ము పొడి బ్రష్షుతో తుడిచి, లోపలి గోడలు సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మడతపెట్టండి. గోడకి కన్నం కొట్టించినవాళ్లు లోపలివైపు దాన్ని బిగుతుగా మూసేయాలి. లేదంటే జూలైలో ఆ దారినే ఉక్కగాలి వచ్చి చల్లని బేస్‌మెంట్ గోడల మీద నీరు కడుతుంది.