ప్రిన్సిపాల్‌ను నేరుగా కలిసి ఉద్యోగం అడగవచ్చా?

బి.ఎడ్. పూర్తి చేసి కర్నూలులోని ప్రైవేటు పాఠశాలల్లో ఉద్యోగం వెతుకుతున్న మీరు, ఆఫీసులో బయోడేటా ఇచ్చి ఎదురుచూడాలా, లేక ప్రిన్సిపాల్‌నే కలవాలా అని అడిగారు. కలవమనే నేను చెబుతాను. అయితే ఏ రోజుల్లో, ఏ వేళకు వెళ్లామన్నదే ముఖ్యమని నాకు మొదటిసారి భంగపడ్డాక గానీ తెలియలేదు.

ఆ ఏడాది జూన్ రెండో వారంలో, బడులు తెరిచిన మరునాడు ఉదయం తొమ్మిదింటికి నగరంలోని ఒక పాఠశాలకు వెళ్లాను. ఫీజు రాయితీ కోసం, బస్సు కోసం, పుస్తకాల కోసం వచ్చిన తల్లిదండ్రులతో ప్రిన్సిపాల్ గది ముందు కాలు పెట్టే చోటు లేదు. గంటన్నర నిలబెట్టి, చివరకు గుమాస్తా నా బయోడేటాను బీరువా పక్కనున్న కట్ట మీద పడేశాడు. ఆ కట్టలో అడుగున ఉన్న కాగితాలు అప్పటికే పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లోనే, మధ్యాహ్నం రెండు దాటాక, ఇంకో పాఠశాలకు వెళ్లాను. జీతం చాలక మానేసేవారెవరో, ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష అయిన డీఎస్సీ కోచింగ్‌కు వెళ్లిపోయేవారెవరో ప్రిన్సిపాల్‌కు తేలేది ఆ రోజుల్లోనే. పేరు, సబ్జెక్టు రాసిన చీటీని ఆయాతో లోపలికి పంపితే మేడమ్ పది నిమిషాల్లో పిలిపించారు. ఖాళీ ఉందా అని అడగకుండా, "ఫిజికల్ సైన్స్ చెబుతాను మేడమ్, ఏ తరగతికి చెప్పమంటే ఆ తరగతికి ఇప్పుడే డెమో ఇస్తాను" అన్నాను. పదో తరగతి పాఠాలు అప్పుడే మొదలుపెట్టిన పిల్లల ముందు నిలబెట్టారు. నా క్యారియర్‌లోని స్టీలు స్పూను తీసి, లోపలి వైపు ముఖం తలకిందులుగా, వెలుపలి వైపు చిన్నదిగా, నిటారుగా కనబడడం చూపించి గోళాకార దర్పణాలు మొదలుపెట్టాను. నేను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా మేడమ్ వెనక బెంచీల వైపే చూస్తూ కూర్చున్నారు. పాఠం ఎలా ఉందో ఒక్క మాటా అనలేదు గానీ, మరునాడు బడి యాజమాన్యం తరఫున వ్యవహారాలు చూసే కరస్పాండెంట్ గారిని కలవమన్నారు.

జీతం మాట సాధారణంగా కరస్పాండెంట్‌దే కాబట్టి దాన్ని ప్రిన్సిపాల్ దగ్గర లాగకండి. వేసవి సెలవులకు జీతం ఇస్తారా లేదా అన్నది మాత్రం చేరకముందే తేల్చుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, జిరాక్సులే ఇచ్చి రండి. ఒరిజినల్స్ వదిలిపెట్టిన నా సహోద్యోగి ఒకరు డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలన వేళ వాటి కోసం నాలుగు రోజులు బడి చుట్టూ తిరిగారు.

ఈ దారి అన్నిచోట్లా పనికిరాదు. కార్పొరేట్ పాఠశాలల్లో నియామకాలు ఎక్కువగా పైనున్న ఏజీఎంల (అసిస్టెంట్ జనరల్ మేనేజర్ల) చేతుల్లో ఉంటాయి. కేంద్రీయ విద్యాలయంలో ఒప్పంద ఉపాధ్యాయుల కోసం ప్రకటన ఇచ్చి వాక్-ఇన్ ఇంటర్వ్యూ పెడతారు కనుక, ముందుగా ప్రిన్సిపాల్‌ను కలిసి ప్రయోజనం లేదు. ఇక 2025లో 16,347 పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీ వంటివి పరీక్ష మార్కులకు 80 శాతం, టెట్‌కు (ఉపాధ్యాయ అర్హత పరీక్షకు) 20 శాతం వెయిటేజీతో నడిచేవి.

నంబరు దొరికింది కదా అని ప్రిన్సిపాల్‌కు పదేపదే ఫోను చేయకండి. సబ్జెక్టు, అర్హత, డెమోకు వీలైన రోజు రాసి, బయోడేటా జతచేసి ఒక్క వాట్సాప్ సందేశం పెట్టండి. నాలుగు రోజులు చూసి, మధ్యాహ్నం వేళ చీటీ పట్టుకుని స్వయంగా వెళ్లండి.