బుడమేరు తర్వాత అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో "లోకం మంచిది కాదు మామయ్యా, ఇన్నాళ్ళూ పిచ్చోడిలా నమ్మాను" అన్నావు. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ మీద పడి, నీ నాలుగు కుట్టు మిషన్లనీ దసరాకి తెచ్చిన బట్టనీ బురదపాలు చేసింది. అది చిన్న దెబ్బ అనను. మేము ఇంతకన్నా పెద్దవి చూశాంలే అని నోరు మూయించే పెద్దరికం నాకొద్దు.

కానీ మన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 1977 నవంబర్ 19, శనివారం. దివిసీమకి ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదహారేళ్ళు. మీ తాతయ్య, అమ్మమ్మ, నేను ఒకే తుమ్మచెట్టుని కరుచుకుని రాత్రంతా ఉన్నాం. అరచేతుల్లో ముళ్ళు దిగాయని తెల్లారాక గానీ తెలియలేదు. చిన్న మామయ్య చెయ్యి మాత్రం నా చేతిలోంచి జారిపోయింది.

తర్వాత మీ తాతయ్య దేవుడి పటాలన్నీ తీసేశాడు, చచ్చేదాకా గుడి మెట్టెక్కలేదు. అమ్మమ్మ ఆ వారం నుంచే శనివారం దీపం మొదలుపెట్టింది. నేను పదేళ్ళు ఎవరినీ నమ్మలేదు, అందరికన్నా నన్ను. చెట్టు ఒకటే, నీళ్ళు ఒకటే. కష్టాలు పడినవాళ్ళు లోకం చెడ్డదనుకుంటారు, సుఖపడ్డవాళ్ళు మంచిదనుకుంటారు అని మనం ఊహిస్తాం కదా. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు పరిశోధించి చూస్తే డబ్బుకీ ఆరోగ్యానికీ ఆ నమ్మకానికీ సంబంధం చాలా తక్కువేనట. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

అందుకే అంటున్నా, లోకం ఎలాంటిదో బుడమేరు నీకు చెప్పలేదు. వీధిలోకి నీళ్ళొచ్చాయని మాత్రమే చెప్పింది. మిగతాది నువ్వు కలుపుకున్నావు.

"అందరూ దొంగలే" అనిపించినప్పుడు పేర్లతో సహా కాగితం మీద రాయి. పడవ ఎక్కించుకోవడానికి రెండు వేలు అడిగినవాడు ఉన్నాడు, రాయి. పై వాటాలోంచి తాడు కట్టి నీ పిల్లకి పాలు దించినావిడ కూడా ఉంది. ఆవిడని మర్చిపోతే లెక్క తప్పినట్టే.

"తప్పు నాదే" అన్న మాటని కాస్త కోసి చూడు. మిషన్లు అటక మీద పెట్టకపోవడం, ఇన్సూరెన్స్ కట్టకపోవడం నీ వంతు. గట్టు తెగడం నీ వంతు కాదు. ఈ రెండింటినీ విడదీయడానికి నాకు పదేళ్ళు పట్టింది. తమ్ముడి చెయ్యి విషయం ఇప్పటికీ కొన్ని రాత్రులు కలిసిపోతూనే ఉంటుంది.

వాన చప్పుడుకి నిద్ర లేస్తున్నావని అక్క చెప్పింది. నేనూ గాలి ఈలేస్తే ఈ వయసులోనూ బయటికెళ్ళి ఆకాశం చూసి వస్తా. అది ఒంటికి పట్టిన భయం, దాన్ని నీ అభిప్రాయం అనుకోకు. మరీ నిద్ర పట్టకపోతే డాక్టర్‌ని కలువు, సిగ్గేమీ లేదు.

ఆదివారం వస్తున్నా. తుప్పు పట్టిన మిషన్లు అమ్మెయ్యకు, కిరసనాయిలు తెస్తాను, ఇద్దరం విప్పి చూద్దాం.

మీ మామయ్య