దూకే బటన్ లేని ఆట

ప్రశ్న: 48 గంటల గేమ్ జామ్‌లో (గడువులోగా వీడియో గేమ్ తయారుచేసే కార్యక్రమంలో) ఒక ఆట చేశాను సార్. బొమ్మ దూకదు. మర్రి ఊడ పట్టుకుని ఊగుతూ గట్టు మీంచి గట్టుకు పోవాలి. బటన్ నొక్కితే ముందుకు తోస్తుంది. నా ల్యాప్‌టాప్‌లో బాగుంది, మా మామ కొడుకు దాంట్లో బొమ్మ ఎగిరి స్క్రీన్ దాటిపోతోంది. ఎందుకు?
– బీటెక్ విద్యార్థి, అనంతపురం

జవాబు: ఫ్రేముకొక తోపు, అంటే తెర మీద చిత్రం మారిన ప్రతిసారీ ఒకటి, ఇస్తున్నట్టున్నావు నాయనా. నీ దాంట్లో సెకనుకు 60 ఫ్రేములు, అతని గేమింగ్ ల్యాప్‌టాప్‌లో 144 అయితే తోపులూ 144 పడతాయి. స్క్రీన్‌తో పని లేకుండా ఫిజిక్స్ లెక్క సెకనుకు 60 సార్లే జరగాలి. ఆటలు తయారుచేసే గోడో (Godot) సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఆ కోడ్‌ని ఫిజిక్స్ ప్రాసెస్ (_physics_process) అనే ఫంక్షన్‌లోకి మార్చు, చాలు.

నాకు నచ్చింది ఊడ. చిన్నప్పుడు మా చెరువుగట్టు మర్రికి వేలాడి మోకాళ్లు చెక్కుకున్నవాణ్ణి మరి! అసలా తోపు బటనే తీసేయ్. ఉయ్యాల మీద నిలబడి ఊగే పిల్లల్ని చూడు: అడుగుకి వచ్చినప్పుడు లేస్తారు, కొసన కుంగుతారు. ఊపు అలాగే పెరుగుతుంది. నీ ఆటలోనూ బటన్ నొక్కితే ఊడ కురచ కావాలి, వదిలితే సాగాలి. అడుగున నొక్కి కొసన వదిలితే ఊపు వస్తుంది, తిరగేసి చేస్తే చచ్చిపోతుంది. ఊడ పొడవు కూడా చూసుకో. ఒక మీటరుది పోయి రావడానికి సుమారు 2 సెకన్లు, నాలుగు మీటర్లది 4.