జట్టుకో వస్తాదు కావాలా?

ఈసారి ఉత్తరాలన్నీ హాకీ మీదే వచ్చాయి. అందులోనూ బలం, దెబ్బలాట, గాయాల చుట్టూనే తిరిగాయి. అందుకే ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

అమలాపురం నుంచి: మా అబ్బాయి ఫోన్లో మంచు మీద ఆడే హాకీ చూపించాడండి. ఇద్దరు గ్లౌజులు కింద పారేసి పిడిగుద్దులు గుద్దుకుంటుంటే, రిఫరీలు పక్కన నిలబడి చూస్తున్నారు. కొట్టడానికే జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారని వాడంటాడు. నిజమేనా?

నిజమే. కాకపోతే ఇప్పుడది చాలామటుకు పాత కథ. అమెరికా, కెనడాల్లో జరిగే ఎన్‌హెచ్‌ఎల్ లీగులో అలాంటివాణ్ణి ‘ఎన్‌ఫోర్సర్’ అంటారు. మన మాటలో చెప్పాలంటే జట్టు వస్తాదు. మ్యాచ్ మొత్తంలో నాలుగైదు నిమిషాలు మంచు మీద తిరుగుతాడు. గోలు కొట్టాలని ఎవరూ అడగరు. తమ జట్టు స్టార్‌ని ఎదుటివాడు అడ్డంగా గుద్దితే, వాడి లెక్క తేల్చడం ఇతని పని. సంక్రాంతి బరి కోసం పుంజును మేపినట్టే.

ఆ ఉద్యోగం ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆట చూడాలి. రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు, చుట్టూ గట్టి దడి. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దగ్గరున్నవాణ్ణి భుజంతో దడికేసి గుద్దడం అక్కడ తప్పు కాదు, ఆటలో భాగం. దానికి తోడు 1990ల చివరి దాకా మ్యాచ్‌కి ఒక్కడే రిఫరీ. ఆ వేగంలో అతని వీపు వెనక జరిగేవి సవాలక్ష. రిఫరీ చూడనిదానికి శిక్ష వేసేవాడు ఒకడుండాలి అన్న ఆలోచనలోంచి వస్తాదు వచ్చాడు. ఆ ఆటలో అందరికంటే గొప్పవాడని పేరున్న వేన్ గ్రెట్స్కీ ఎడ్మంటన్‌లో ఆడిన రోజుల్లో డేవ్ సెమెంకో, మార్టీ మెక్‌సోర్లీ అతనికి కాపు కాసేవారు. 1988లో గ్రెట్స్కీని లాస్ ఏంజెలెస్‌కు మార్చినప్పుడు మెక్‌సోర్లీ కూడా వెంట వెళ్లాడు. దెబ్బలాటకు పేరుపడ్డ ఫిలడెల్ఫియా జట్టు 1974, 1975లలో వరసగా ఆ లీగు ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలిచింది. ఆ జట్టులోని డేవ్ షుల్ట్స్ 1974-75 సీజనులో మొత్తం 472 నిమిషాల శిక్షలు మూటగట్టుకున్నాడు. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు.

అసలు కిటుకు ఇంకొకటుంది. ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరికీ చెరో అయిదు నిమిషాల శిక్ష. రెండు జట్లూ తలో మనిషిని పోగొట్టుకున్నా, వాళ్ల బదులు వేరేవాళ్లు దిగుతారు కనుక మంచు మీద అటు అయిదుగురు, ఇటు అయిదుగురు అలాగే ఉంటారు. అంటే కొట్లాటకు జట్టు చెల్లించే ధర దాదాపు సున్నా. ధర లేని సరుకు సంతలో అంతకాలం చెల్లిందంటే వింతేముంది?

ధర ఎలా పెరిగిందో చూడండి. ముందు తగవు మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష 1992లో గట్టిపడింది. ఈ రోజు లెక్కలో అది రెండు, అయిదు, పది కలిపి 17 నిమిషాలు. 1998-99 నుంచి ఇద్దరు రిఫరీలు రావడం మొదలైంది. 2005లో జీతాలకు పరిమితి పెట్టారు, దాంతోపాటు పొడుగు పాసులకు ఉన్న అడ్డు తీసేశారు. ఆట ఒక్కసారిగా వేగం పుంజుకుంది. గోల్‌కీపర్లు కాక మ్యాచ్‌కి దిగే 18 మంది స్కేటర్లలో ఒకడు స్కేటింగ్ రానివాడైతే మిగతా పదిహేడుగురి కాళ్ల మీద భారం పడుతుంది. పరిమితిలో ఉన్న డబ్బు వాడికి పోయడమెందుకని మేనేజర్లు లెక్క వేసుకున్నారు.

తర్వాత మెదడు సంగతి బయటపడింది. 2011లో డెరెక్ బూగార్డ్ అనే వస్తాదు 28 ఏళ్లకే చనిపోయాడు. మెదడు పరీక్షిస్తే, పదేపదే తల దెబ్బలు తిన్నవాళ్లలో కనిపించే సీటీఈ అనే జబ్బు కనిపించింది. 2010లో పోయిన మరో వస్తాదు బాబ్ ప్రోబర్ట్ మెదడులోనూ అదే. ఈ ఉద్యోగానికి అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి లేదు.

మరి బలం అక్కర్లేకుండా పోయిందా అంటే, లేదు. 2024, 2025లలో వరసగా కప్పు గెలిచిన ఫ్లోరిడా జట్టు ఎదుటివాళ్లను గుద్ది గుద్ది అలసగొట్టే జట్టే. కానీ ఆ గుద్దేవాళ్లే గోల్స్ కూడా కొడతారు. 2025 ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం ఆడే చివరి పోటీల్లో) అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన శామ్ బెనెట్ అలాంటివాడే. ఆ ప్లేఆఫ్స్‌లో 15 గోల్స్ కొట్టాడు. వాషింగ్టన్ జట్టులోని టామ్ విల్సన్‌ది అదే బాపతు, 2024-25లో 33 గోల్స్. 2025 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో అమెరికా-కెనడా మ్యాచ్ మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు జరిగాయి. మీ అబ్బాయి చూసింది బహుశా అదే అయ్యుంటుంది. అందులో దిగిన ఆరుగురిలో కొట్టడం కోసమే జట్టులో ఉన్నవాడు ఒక్కడూ లేడు.

అన్నట్టు, రిఫరీలు ఆపకపోవడం బద్ధకం కాదు. గుద్దులు పడుతుండగా మధ్యలో దూరితే ఒకడి చేతులు పట్టుకున్నట్టయి, రెండోవాడు ఉచితంగా నాలుగు వేస్తాడు. అందుకే కింద పడేదాకానో, ఆయాసపడేదాకానో ఆగి విడదీస్తారు.

పాలకొల్లు దగ్గరి హైస్కూలు పీఈటీ మాస్టారు: మా జట్టులో పిల్లలు బక్కపలచగా ఉంటారు. జోనల్ పోటీల్లో ఎదుటివాళ్లు మోచేతులతో నెట్టేస్తున్నారు. మేమూ ఒక మొండివాణ్ణి పెట్టుకోవాలంటారా?

వద్దు మాస్టారూ. నీతి కోసం చెప్పడం లేదు, లెక్క కోసం చెబుతున్నాం. మంచు హాకీలో కొట్లాటకు ధర సున్నా అన్నాం కదా, మన హాకీలో ప్రతి కార్డుకూ మనిషి తగ్గుతాడు, బదులు ఎవరూ దిగరు. ఆకుపచ్చ కార్డుకు రెండు నిమిషాలు, పసుపుకు కనీసం అయిదు, ఒంటి మీదికి వెళ్లిన తప్పయితే పది దాకా. ఎర్ర కార్డయితే ఇక ఆ మ్యాచ్‌కు రాడు. తప్పు చేసిన చోటుకూ ధర ఉంది. మీ వైపు 23 మీటర్ల గీత లోపల కావాలని చేస్తే పెనాల్టీ కార్నర్, అంటే గోలు గీత మీద నుంచి తోసిన బంతిని వాళ్లు గోలుకు కొట్టే అవకాశం. డీలో (గోలు ముందున్న అర్ధచంద్రం లాంటి గీత లోపల) బంతి దగ్గరున్నవాడి మీద కావాలని చేస్తే పెనాల్టీ స్ట్రోక్, 6.4 మీటర్ల దూరం నుంచి కొడుతుంటే గోలీ (గోల్‌కీపర్) ఒక్కడే అడ్డం.

పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? 2024 ఆగస్టు 4. బ్రిటన్ ఆటగాడి తలకు కర్ర తగిలిందని అమిత్ రోహిదాస్‌కు 17వ నిమిషంలో ఎర్ర కార్డు వచ్చింది. మిగిలిన 43 నిమిషాలు మనవాళ్లు పదిమందే ఆడారు. గెలిచాం కదా అంటారేమో. శ్రీజేష్ గోలులో ఉన్నాడు కాబట్టి 1-1తో నిలిచి, షూటౌట్‌లో 4-2తో గట్టెక్కాం. బిల్లు తర్వాత వచ్చింది. ఒక మ్యాచ్ నిషేధం పడి రోహిదాస్ సెమీస్ ఆడలేదు, జర్మనీ చేతిలో 3-2తో ఓడాం. పెనాల్టీ కార్నర్‌లో కొట్టేవాడి మీదికి ముందుగా పరుగెత్తే మనిషి, అంటే రోహిదాస్, లేని లోటు ఆ రోజు కనిపించింది.

ఎదుటివాళ్లు నెడుతున్నారంటే మీరు చేయాల్సింది రెండు పనులు. మొదటిది, కెప్టెన్ ఒక్కడే అంపైర్ దగ్గరికి వెళ్లి, మొదటి క్వార్టర్‌లోనే, గొంతు పెంచకుండా, ఫలానా నంబరు చెయ్యి వేస్తున్నాడని చెప్పాలి. నలుగురూ మూగితే కార్డు మీకే వస్తుంది. రెండోది, బంతిని కాళ్ల దగ్గర ఉంచుకునే సమయం తగ్గించండి. మోచెయ్యి తగిలేది బంతి పట్టుకుని ఆగినవాడికే. నలుగురిని పది మీటర్ల చదరంలో పెట్టి, మధ్యలో ఇద్దరిని వదిలి, ఒక్కొక్కరికి రెండే తాకుళ్లు అన్న షరతుతో రోజుకు పదిహేను నిమిషాలు ఆడించండి. మూడు వారాల్లో తేడా తెలుస్తుంది.

మైదానం సంగతి కూడా చూసుకోండి. మన నల్లమట్టి నేల వానకు జిగురవుతుంది, ఎండితే నెరెలు విచ్చుకుంటుంది, మధ్యలో గేదెల గిట్టల గుంటలు. బంతి ఎగిరినప్పుడు ఇద్దరూ ఒకేసారి వంగి ఢీకొంటారు. బడి మ్యాచ్‌ల్లో నెట్టుకోవడమనుకునేది సగం ఇదే. ముందురోజు సాయంత్రం తడిపి, తెల్లారి కాస్త ఆరాక రోలరు తిప్పించండి. చిన్న తరగతులకు హిట్ (కర్ర ఎత్తి కొట్టడం) మానిపించి పుష్ (కర్రతో తోయడం) మాత్రమే ఆడించండి.

నరసాపురం నుంచి ఇంటర్ విద్యార్థిని: నేను డిఫెండర్ని. సన్నగా ఉంటాను. బలమైన ఫార్వర్డ్ వీపు నా మీదికి ఆనించి బంతి దాచేస్తుంది. ఏం చేయాలి?

ముందు ఇది తెలుసుకో అమ్మా: ఆమె చేసేది తప్పు. బంతి అందుకునేటప్పుడు ఎటు తిరిగి నిలబడ్డా ఫరవాలేదు. కానీ అందుకున్నాక, నువ్వు బంతిని ఆడగలిగే దూరంలో ఉండి ప్రయత్నిస్తుంటే, నీకూ బంతికీ మధ్య ఒళ్లు అడ్డం పెట్టకూడదు, వెనక్కి నెట్టుకుంటూ నీ మీదికి రాకూడదు. కాకపోతే అంపైర్ ఊదాలంటే నువ్వు నిజంగా బంతి కోసం కర్ర చాపుతున్నట్టు కనిపించాలి. చేతులు దించి నిలబడితే ఊదడు. చేత్తో ఆమె నడుం మీద ఆనుకున్నావా, తప్పు నీదవుతుంది.

ఎదురుగా వస్తున్నప్పుడు నిలబడే తీరు ముఖ్యం. ఆమె బంతి ఆమెకు కుడివైపు, అంటే నీకు ఎడమవైపు ఉంటుంది. ఎదురెదురుగా నిలబడితే నీ బలహీనమైన వైపుకే దారి ఇచ్చినట్టు. అందుకని ఎడమకు జరిగి, బంతి నీ కుడిపాదం ఎదుటికి వచ్చేలా నిలబడు. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక, మోకాళ్లు వంచి, కర్ర నేలకు దగ్గరగా. కర్ర పొడవుకు కాస్త ఎక్కువ దూరం ఉంచుకుని, ఆమెతోపాటు వెనక్కి నడువు. నీ కుడివైపు ఖాళీ చూపించి, మైదానం పక్క గీత వైపుకు తోలుకుపో. 

మధ్యలో ఎడమచేత్తో జాబ్ వెయ్యి. కర్ర చివర పట్టుకుని, కర్ర చదును ముఖం పైకి చూసేలా తిప్పి, బంతి కిందికి పొడిచి వెంటనే లాగెయ్యాలి. అది బంతి దొరకడానికి కాదు, ఆమె తల వంచి కంగారు పడడానికి. బంతి ఆమె కర్ర నుంచి అరడుగు విడివడిన క్షణంలో రెండు చేతులతో కర్ర పడుకోబెట్టి అడ్డం పెట్టు. అందరూ చేసే పొరపాటు జాబ్ వేస్తూ ముందుకాలి మీద బరువు మొత్తం వేసెయ్యడం. అలా వేస్తే ఆమె పక్కకు లాగిందంటే నువ్వు అక్కడే ఉండిపోతావు. ఆ తర్వాత వెనకనుంచి ఒళ్లు తగిలించకుండా బంతి తీయడం గొప్పవాళ్లకే కష్టం, కార్డులు ఎక్కువ వచ్చేదీ అక్కడే.

ముమ్మిడివరం నుంచి: మా తమ్ముడు కబడ్డీలో మంచి కార్నర్ డిఫెండర్. హాకీకి పనికొస్తాడా?

తొడలు, నడుం, కింద కూర్చున్నట్టుండే నిలకడ, అన్నీ పనికొస్తాయి. చేతులే పనికిరావు. పట్టుకునే అలవాటు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా రెండు చేతులూ కర్ర వదలకూడదన్న నియమం పెట్టండి.

భీమవరం నుంచి: పెనాల్టీ కార్నర్‌కు మొదట పరుగెత్తేవాడిగా మా కోచ్ నన్ను పెట్టారు. భయంగా ఉంది.

ఉండాలి. పెద్ద ఆటగాళ్ల డ్రాగ్ ఫ్లిక్ (బంతిని కర్రతో ఈడ్చి విసిరే షాటు) గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది, బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, రాయి లాంటిది. మన హాకీలో నిజంగా గుండె నిబ్బరం కావలసిన చోటు ఇదొక్కటే. ఆ పాత వస్తాదు పని చట్టబద్ధంగా మిగిలింది ఇక్కడేననుకోవచ్చు.

గోలీతో కలిపి అయిదుగురే గోలు గీత వెనక ఉంటారు. గోలుస్తంభానికి పది మీటర్ల దూరం నుంచి బంతి తోస్తారు, అది కదిలాకే నువ్వు కదలాలి. ముందే కదిలితే మళ్లీ మొదలుపెట్టిస్తారు, తప్పు చేసినవాడు సగం గీతకు పోవాలి, నలుగురితోనే కాచుకోవాలి. మొదటి మూడు అడుగులు పొట్టిగా, ఒళ్లు వంచి. బంతికీ గోలుకీ మధ్య గీత మీద కర్ర ఉండాలి, ఒళ్లు ఆ గీతకు పక్కన ఉండాలి. ఒంటితో ఆపుదామని దూకడం ధైర్యం కాదు. కొట్టేవాడికి అయిదు మీటర్ల లోపల ఉండగా మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్ వాళ్లకే. మామూలుగా నిలబడినప్పుడు మోకాలి పైన తగిలితే షాటు ప్రమాదకరమని ఫ్రీ హిట్ మీకు.

ముఖానికి మాస్కు, ఎడమచేతికి గట్టి గ్లౌజు, మోకాలి ప్యాడ్లు, పళ్ల గార్డు, అబ్డామెన్ గార్డు. ఇవి లేకుండా పంపితే వెళ్లనని కోచ్‌కు మొహమాటం లేకుండా చెప్పు. మాస్కుతో 23 మీటర్ల గీత దాటి ఆడకూడదు, అవకాశం దొరగ్గానే తీసి పక్కన పడెయ్యాలి. సాధన మొదటి రెండు వారాలు టెన్నిస్ బంతితో చెయ్యి.

రావులపాలెం నుంచి ఒక తల్లి: మా వాడికి ఆటలో తలకు దెబ్బ తగిలింది. పది నిమిషాలు కూర్చుని మళ్లీ ఆడాడట. పైకి ఏమీ లేదు. భయపడాలా?

ఆ మళ్లీ ఆడించడమే తప్పండి. తలకు దెబ్బ తగిలి తిక్కగా అనిపించినా, తూలినా, స్కోరు ఎంతో, ఏ భాగం నడుస్తోందో చెప్పలేకపోయినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. స్పృహ తప్పాల్సిన పనిలేదు. మెదడు కుదురుకోకముందే రెండో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం.

వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, రెండు బొమ్మలు కనిపిస్తున్నా, మెడ నొప్పి, ఫిట్స్, కాలో చెయ్యో లాగడం, నిద్రలోంచి లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోయినా ఒకసారి డాక్టరుకు చూపించండి. మొదటి ఒకటి రెండు రోజులు ఇంటిపట్టున ఉంచండి, మంచానికి కట్టెయ్యక్కర్లేదు, నెమ్మదిగా నడవొచ్చు. ఫోను తగ్గించండి. తర్వాత బడి. ఆ తర్వాత తేలికపాటి జాగింగ్, ఒంటరిగా కర్రతో సాధన, జట్టుతో సాధన, చివర మ్యాచ్. మెట్టుకూ మెట్టుకూ కనీసం ఒక రోజు. మెట్టు ఎక్కాక తలనొప్పి ముదిరితే అక్కడితో ఆపి, మర్నాడు కింది మెట్టు నుంచి. జట్టులోకి దిగేముందు డాక్టరు మాట తీసుకోండి.

పళ్ల గార్డు తలదెబ్బను ఆపుతుందని దుకాణాల్లో చెబుతారు. అది కాపాడేది పళ్లను, పెదాలను. అయినా కొనండి. మరిగిన నీళ్లలో ప్యాకెట్ మీద రాసినంతసేపు ముంచి తీసి, పైపళ్లకు పెట్టి, గట్టిగా కొరికించి, బయటినుంచి వేళ్లతో అదిమి, చన్నీళ్లలో వేయండి. నోరు తెరిచినా జారిపడకపోతే కుదిరినట్టు. పళ్లకు క్లిప్పులుంటే మాత్రం ఇంట్లో చేయొద్దు, పళ్ల డాక్టరు చేతే అచ్చు తీయించండి.