అత్తయ్యగారి కానుక కోసం కార్డు తీస్తే భయపెట్టే బొమ్మ వచ్చింది

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం, కాస్త కుదించి ఇస్తున్నాను.

“నాకు 31 ఏళ్లు. మావారు, అత్తయ్యగారు, నేను కలిసి ఉంటాం. రెండేళ్ల క్రితం, మామయ్యగారు పోయిన ఏడాదే, అత్తయ్యగారి పుట్టినరోజుకి మంచి పట్టుచీర తెచ్చాను. ‘ఈ రంగు నాకెందుకమ్మా’ అని అప్పటికప్పుడే మా ఆడపడుచు చేతిలో పెట్టేశారు. అప్పటి నుంచి ఎవరికి ఏం కొనాలన్నా భయమే. ఫ్రెండ్ చెబితే టారో కార్డులు, అంటే జోస్యానికి వాడే బొమ్మల కార్డులు తెప్పించుకుని, ఎవరికి ఏమివ్వాలో వాటినే అడుగుతున్నాను. మావారికి సిక్స్ ఆఫ్ కప్స్ వచ్చింది, చిన్ననాటి జ్ఞాపకాల కార్డట, మాడుగుల హల్వా తెప్పిస్తే ఎంత సంబరపడ్డారో. వచ్చే నెల అత్తయ్యగారికి 65 నిండుతాయి. ఆవిడని తలుచుకుని తీస్తే అస్థిపంజరం బొమ్మున్న డెత్ కార్డు వచ్చింది. ఆ రాత్రి మొత్తం పన్నెండుసార్లు తీశాను, మళ్లీ ఒకసారి అదే. మావారికి చెబితే ఆ కార్డులన్నీ అవతల పారేస్తానని అరిచారు. వారం నుంచి సరిగ్గా నిద్ర లేదు. ఆవిడకేమైనా అవుతుందా? అసలు ఏం కొనాలి?”

ముందు భయం సంగతి చెప్పేస్తానమ్మా, ఈ రాత్రి మీరు నిద్రపోవాలి. ఆ కార్డుకీ మీ అత్తయ్యగారి ఆయుష్షుకీ ఏ సంబంధమూ లేదు. 78 కార్డుల్లోంచి ఒకటి తీసి, మళ్లీ కలిపేసి, ఇంకోటి తీస్తూ పోతే పదకొండోసారికే ఏదో ఒక కార్డు రెండోసారి కనబడే అవకాశం సగం దాటిపోతుంది. మీరు పన్నెండుసార్లు తీశారు. రెండోసారి వచ్చింది ఏ పూల బొమ్మో అయ్యుంటే తెల్లారేసరికి మర్చిపోయేవారు, అస్థిపంజరం కాబట్టి మనసులో దిగబడిపోయింది. టారో చెప్పేవాళ్లు కూడా మామూలుగా ఈ కార్డుని చావుగా చదవరు, ఒక దశ ముగిసి ఇంకోటి మొదలవడం అనే చెబుతారు. అసలు ఈ కార్డులు పదిహేనో శతాబ్దంలో ఇటలీలో ఆట కోసం పుట్టినవి, మనవాళ్లు పేకాడుకున్నట్టే వాళ్లూ ఆడుకున్నారు. వాటితో జోస్యం చెప్పడం ఫ్రాన్సులో బాగా ప్రచారంలోకి వచ్చింది పద్దెనిమిదో శతాబ్దం చివర్లో. ఇప్పుడు ఎక్కువమంది దగ్గర కనబడే బొమ్మలు 1909లో లండన్‌లో అచ్చయినవి, పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది. మనిషి చెయ్యి గీసిన బొమ్మలమ్మా అవి.

అలాగని వాటిని పారేయమని నేననను, మీవారు పారేస్తానన్నారని మీరు బాధపడ్డట్టున్నారు కూడా. ఆ హల్వా సంగతే చూడండి. సిక్స్ ఆఫ్ కప్స్‌లో ఏముంది? పాతకాలపు ఇంటి ముందు ఇద్దరు పిల్లలు, పూలు పెట్టిన గిన్నెలు, అంతే. అందులో మాడుగుల ఎక్కడుంది, హల్వా ఎక్కడుంది? ఆయన ఎప్పుడో అన్నం తింటూనో బండి మీద వెళ్తూనో చిన్నప్పుడు ఆ హల్వా ఎలా తినేవారో చెప్పుంటారు, అది మీ మనసులో ఓ మూల ఉండిపోయింది, బొమ్మ చూడగానే బయటికొచ్చింది. కొన్నది మీ జ్ఞాపకం, మీ ప్రేమ. దాని మెప్పంతా కార్డుకి ఇచ్చేసి, మీకు మనుషులు తెలియరని మీరే నమ్మేస్తున్నారు, నాకు బాధ కలిగించింది అదే.

ఇక చీర. నా అనుమానం, మీ దిగులంతా అక్కడే మొదలైంది. మీ ఉత్తరంలో ఒక మాట అలా దొర్లించేసి వెళ్లిపోయారు: మామయ్యగారు పోయిన ఏడాదే అని. నేను అక్కడే ఆగిపోయాను. ఏ రంగు చీరో మీరు రాయలేదు గానీ, భర్త పోయిన కొన్ని నెలలకి పట్టుచీర చేతిలో పెడితే, కట్టుకుంటే నలుగురూ ఏమంటారో అన్న బెరుకు ఆ వయసు ఆడవాళ్లకి ఎంత ఉంటుందో మీకూ తెలుసు. ‘ఈ రంగు నాకెందుకమ్మా’ అన్నది మీ ఎంపిక బాలేదని కాకపోవచ్చు, ‘ఇంక నాకెందుకు’ అని అయ్యుండొచ్చు. నేను ఆవిడ మనసులో దూరి చూడలేదు, తప్పు కూడా కావచ్చు. కానీ రెండేళ్లుగా మీరు ఆవిడని ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు, కార్డుల్ని మాత్రం పన్నెండుసార్లు అడిగారు.

మీరు భయపడ్డ ఆ కార్డునే పగటిపూట తీసి మళ్లీ చూడండి. నల్లటి కవచం, తెల్ల గుర్రం, దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్న పసిబిడ్డ, దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. ఆవిడకేమవుతుంది అని అడక్కుండా, ఆవిడ జీవితంలో ఏది ముగిసిపోయింది, ఆ తర్వాత ఆవిడ రోజు ఎలా గడుస్తోంది అని అడగండి. జవాబు మీ ఇంట్లోనే, మీ కళ్ల ముందే ఉంది. కార్డు అంతవరకు పనికొస్తుంది. ఒకసారి తియ్యండి, మళ్లీ మళ్లీ వద్దు, రాత్రిపూట వద్దు, ఎవరి ఆరోగ్యం గురించీ ఆయుష్షు గురించీ అడగొద్దు.

మా అమ్మ సంగతి చెబుతాను. ఓ పుట్టినరోజుకి ఖరీదైన మిక్సీ కొన్నాను, డబ్బా కూడా విప్పకుండా అటక మీద పెట్టింది. మరుసటి సంక్రాంతికి వెళ్లినప్పుడు పూజ అయ్యాక లేవడానికి ఆవిడ బీరువా తలుపు అంచు పట్టుకుని, ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని లేవడం చూశాను. ఆ తలుపు అంచున రంగు పోయి వేళ్ల గుర్తులు పడ్డాయి, ఎన్నాళ్ల నుంచి అలా లేస్తోందో. మర్నాడు వడ్రంగి చేత ఎత్తుగా, చేతులున్న చిన్న చెక్క కుర్చీ చేయించాను. మిక్సీ ధరలో నాలుగో వంతు కూడా అవలేదు. పోయేదాకా అమ్మ దాని మీదే కూర్చుని లలితా సహస్రనామం చదువుకుంది.

మీరు కూడా ఓ పది రోజులు చూడండి. ఎండాకాలం చెమటకి ఏ చీరతో ఇబ్బంది పడుతున్నారు, మెత్తటి పొందూరు ఖద్దరు అయితే హాయిగా ఉంటుందా, ఎవరితో ఫోన్ మాట్లాడాక మొహం వెలుగుతోంది, మామయ్యగారితో కలిసి వెళ్లే చోటుకి ఇప్పుడు వెళ్లడం మానేశారా. సింహాచలం కొండకి వెళ్లి రెండేళ్లయిందని తేలితే, ఇంటికి కారు పిలిచి, నిదానంగా దర్శనం చేయించి, దారిలో సంపెంగలు కొని తీసుకురావడం కన్నా మంచి కానుక ఏముంటుంది?

మీవారి అరుపు గురించి రెండు మాటలు. ఆయన అమ్మ, పైగా నాన్న పోయి రెండేళ్లే, ఆ పేరున్న కార్డు వచ్చిందని వింటే ఆయనకీ గుండె జారుంటుంది. కార్డుల సంగతి పక్కన పెట్టి, “అత్తయ్యగారికి నేనిచ్చింది నచ్చదేమోనని నాకు రెండేళ్లుగా టెన్షన్‌గా ఉంది” అని చెప్పండి. ఈ మాట ఆయనకి ఇప్పటిదాకా చెప్పినట్టు లేరు. ఇంకో వారం చూసినా నిద్ర పట్టకపోయినా, కార్డు తియ్యకుండా చిన్న నిర్ణయం కూడా తీసుకోలేకపోతున్నా మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే సహాయ ఫోన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు. అందులో సిగ్గుపడేదేమీ లేదు.

చీర సంగతి మాత్రం వాయిదా వెయ్యొద్దు. ఆవిడ పత్తి ఒత్తులు చేసుకునే వేళ పక్కన కూర్చుని మీరూ నాలుగు చెయ్యండి. చేతులు పనిలో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. “అత్తయ్యా, ఆ రోజు చీర రంగు మీకు నచ్చలేదా, కట్టుకోబుద్ధి కాలేదా?” అని అడగండి. రెండోదే అయితే, మరి కాసేపు ఆవిడని మామయ్యగారి గురించి మాట్లాడనివ్వండి. తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం, సాయంత్రం రద్దీ మొదలవకముందే ఇద్దరూ జగదాంబ సెంటర్‌లో చీరల కొట్టు దాకా వెళ్లండి, ఈసారి రంగు ఆవిడనే చూపించమనండి.