ప్రాణమైన హారర్ సినిమాకి ప్రీక్వెల్ వస్తోందంటే సంతోషించాలా, దిగులుపడాలా?

మీకు ఎంతో ఇష్టమైన హారర్ సినిమాకి ముందు కథ తీస్తున్నారని తెలిసి సంతోషంగానూ ఉంది, ఉన్నది పాడుచేస్తారేమోనని దిగులుగానూ ఉంది అన్నారు. ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడిగారు. నాకు అయింది. ‘ద థింగ్’ విషయంలో. ఆ సినిమా చూడనివాళ్ళు ఇక్కడితో ఆగి, చూసి వచ్చి చదవండి. కథంతా చెప్పేస్తాను.

మాది విశాఖపట్నం, మల్కాపురం. 1997లో పదో తరగతి పరీక్షలయ్యాక అన్నయ్య డాబాగార్డెన్స్ నుంచి ఒక క్యాసెట్ అద్దెకి తెచ్చాడు. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన సినిమా. అంటార్కిటికా మంచులో ఒక కుక్క పరిగెడుతుంటుంది. దాని వెనకే హెలికాప్టర్‌లోంచి ఒకడు తుపాకీతో కాలుస్తుంటాడు. కుక్క అమెరికావాళ్ళ స్థావరంలోకి చేరుతుంది. తుపాకీ మనిషి దిగి ఏదో భాషలో గొంతు చించుకుని అరుస్తాడు. ఎవరికీ అర్థం కాదు. కుక్కకి గురిపెట్టి కాలుస్తూ అక్కడున్న ఒకతన్ని గాయపరుస్తాడు, దాంతో వాళ్ళు అతన్ని కాల్చి చంపేస్తారు. కుక్కని మాత్రం లోపలికి తీసుకెళ్తారు.

నాకూ అన్నయ్యకీ అప్పటికి ఇంగ్లీషే అంతంత మాత్రం. తుపాకీ మనిషి అరుపూ, మిగతావాళ్ళ మాటలూ మాకు ఒకటే. అయినా, ఏ ప్రాణి రూపమైనా ఎత్తగల గ్రహాంతర జీవి ఆ కుక్క రూపంలో లోపలికొచ్చిందని తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కనున్నది మనిషో కాదో తెలియకపోతే ఎలా ఉంటుందో అర్థమవడానికి భాష అక్కర్లేదు. వారం రోజులు మా వీధి కుక్కని కూడా దగ్గరికి రానివ్వలేదు నేను.

అసలు సంగతి ఆరేళ్ళ తర్వాత తెలిసింది. మా మావయ్య ఓడల్లో పనిచేసేవాడు. నార్వే అధికారుల కింద చాలా ఏళ్ళు తిరిగాడు, వాళ్ళ భాష కొంత పట్టుబడింది. 2003లో సెలవుకి వచ్చినప్పుడు మళ్ళీ ఆ సినిమా పెట్టాం. మొదటి పది నిమిషాల్లోనే మావయ్య తింటున్న జంతికల పళ్ళెం కింద పెట్టేశాడు. “ఏట్రా, ఆడు అరుస్తున్నది అర్థమవుతోందా మీకు?” అన్నాడు. లేదన్నాం. “యాస సరిగా లేదు గానీ, అది కుక్క కాదు, కుక్కలా నటిస్తోంది, పారిపోండి అంటున్నాడ్రా” అన్నాడు.

ఆ మాటతో నాకు సినిమా మొత్తం మారిపోయింది. అంటే కథంతా మొదట్లోనే చెప్పేశారు, కాకపోతే వినేవాళ్ళకి రాని భాషలో. ఆ మనిషి పిచ్చివాడు కాదు. తనవాళ్ళందర్నీ పోగొట్టుకుని, ఇంకెవరూ పోకూడదని ప్రాణం పెట్టి చెప్పినవాడు. తర్వాత అమెరికావాళ్ళు నార్వే స్థావరానికి వెళ్తే అక్కడ కాలిపోయిన గదులు, తలుపులో దిగిపోయిన గొడ్డలి, గొంతు కోసుకుని కుర్చీలోనే గడ్డకట్టిన మనిషి, ఖాళీ అయిన పెద్ద మంచుగడ్డ కనిపిస్తాయి. బయట కాలిన ఒక శవానికి రెండు ముఖాలు. ఎవరూ వివరించరు. అక్కడ ఏం జరిగి ఉంటుందో నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్కలేదు.

సరిగ్గా ఆ నార్వేవాళ్ళ కథే 2011లో ప్రీక్వెల్‌గా వచ్చింది. పేరు కూడా అదే, ‘ద థింగ్’. తీస్తున్నారని తెలిసినప్పుడు మీకున్న ఫీలింగే నాకూ. ఒక పక్క ఎగిరి గంతేయాలనిపించింది, ఆ గొడ్డలి ఎవరిదో తెలుస్తుంది కదా అని. ఇంకో పక్క టెన్షన్. నా బుర్రలో పద్నాలుగేళ్ళుగా ఉన్న స్థావరాన్ని ఎవరో వచ్చి కూలగొట్టి వాళ్ళకి నచ్చినట్టు కడతారని.

ఇక్కడ ఒకటి చెప్పాలి. మనకి ప్రీక్వెల్ అనే అలవాటు తక్కువ, ఎందుకంటే మన హారర్ సినిమాల్లో ముందు కథ అదే సినిమాలో వచ్చేస్తుంది. ‘అరుంధతి’లో జేజమ్మ కథ, ‘చంద్రముఖి’లో రాజు, నాట్యగత్తె కథ. ఫ్లాష్‌బ్యాక్ పూర్తయ్యేసరికి దెయ్యానికి ఎందుకంత కోపమో మనకి అర్థమైపోతుంది, పగ తీరాక ప్రశాంతంగా ఇంటికెళ్తాం. ఆ పద్ధతి నాకు ఇష్టం, దానిలో న్యాయం ఉంది. కానీ ‘ద థింగ్’ లాంటి సినిమా బతికేదే చెప్పకుండా వదిలేసిన దానిమీద. దానికి ఫ్లాష్‌బ్యాక్ అతికించడమంటే పునాదిలో చెయ్యి పెట్టడమే.

2012లో డిస్క్ దొరికింది. అప్పటికి మావయ్య రిటైరై ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆయన్ని కూర్చోబెట్టుకునే చూశాను.

బాగున్నవి ముందు చెప్తాను. పాత సినిమాలో కనిపించిన వస్తువులన్నిటికీ జాగ్రత్తగా లెక్క అప్పజెప్పారు. గొడ్డలి అక్కడికెలా వచ్చిందో, ఆ రెండు ముఖాలు ఎవరివో, అన్నీ కుదిర్చారు. నార్వే పాత్రల్లో చాలావాటికి నార్వే నటుల్ని పెట్టి, వాళ్ళలో వాళ్ళ చేత వాళ్ళ భాషే మాట్లాడించారు. ఇంకొకటి నిజంగా గొప్ప ఆలోచన. ఆ జీవి మనిషిని అచ్చుగుద్దినట్టు దింపుతుంది గానీ లోహాన్ని దింపలేదు. అందుకని హీరోయిన్ ఒక్కొక్కరి నోట్లో టార్చి వేసి, పళ్ళలో ఫిల్లింగ్ ఉందా లేదా అని చూస్తుంది. పళ్ళు శుభ్రంగా ఉన్నవాడే అనుమానితుడు. ఆ సీన్‌లో నాకు తెలియకుండానే నాలుక వెనక్కి వెళ్ళి, సిమెంట్ పెట్టించుకున్న నా దవడపన్నుని తడుముకుంది. మావయ్య కూడా దవడ మీద చెయ్యి వేసుకున్నాడు. పాత సినిమాలో కాల్చిన తీగని రక్తంలో ముంచి పరీక్షించే సీన్ ఎంత పెద్దదో తెలిసినవాళ్ళకి, దాని పక్కన నిలబడే ఆలోచన రావడం మాటలు కాదని తెలుసు.

బాధ పెట్టినవి కూడా ఉన్నాయి. పాత సినిమాలో రాబ్ బోటిన్, ఆయన బృందం రబ్బరు, జిగురు, కీళ్ళతో చేతులారా చేసిన ఆకారాలు చూస్తుంటే ఆ తడి మన గదిలోకి వచ్చినట్టుంటుంది. ప్రీక్వెల్‌కి కూడా మొదట అలాగే నిజమైన బొమ్మలు తయారు చేశారు, వాటితో షూటింగ్ కూడా చేశారు. తర్వాత చాలావాటి మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ కప్పేశారు. అన్నం వండి పెట్టి, దానిమీద ప్లాస్టిక్ అన్నం పరిచినట్టు. ఈ సంగతి చదివిన రోజున, సినిమా చూసినప్పటికంటే ఎక్కువ బాధపడ్డాను.

ఇంకా పెద్ద బాధ, ఆ జీవి స్వభావమే మార్చేశారు. 1982లో అది దాక్కుంటుంది. ఒంటరిగా దొరికేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తుంది. ఆ కుక్క కారిడార్‌లో చప్పుడు లేకుండా నడుచుకుంటూ వచ్చి, ఒక గది ముందు ఆగి, లోపలికి చూసి, మెల్లగా వెళ్ళే సీన్ గుర్తు తెచ్చుకోండి. అరుపు లేదు, నెత్తురు లేదు. అంతకంటే భయంకరమైన సీన్ ఆ సినిమాలో నాకు లేదు. 2011లో అది అయినదానికీ కానిదానికీ బయటపడి అందర్నీ తరుముతుంది. తరిమితే పరిగెడతాం, అంతే. ఇంట్లోనే, మనపక్కనే ఉందేమోనన్న అనుమానంలో ఉండే భయం వేరు.

చివరి నిమిషాల గురించి మాత్రం తప్పకుండా చెప్పాలి. నార్వేవాళ్ళలో లార్స్ అని ఒకడుంటాడు. అందరికీ ఇంగ్లీషు వచ్చు, అతనికి ఒక్కడికే రాదు. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటాయి. తిరిగొచ్చిన హెలికాప్టర్ పైలట్‌ని లార్స్ తుపాకీతో అడ్డగించి నోరు తెరవమంటాడు, పన్ను చూస్తాడు. అప్పుడే కుక్క పరిగెడుతూ బయటికొస్తుంది. లార్స్ హెలికాప్టర్ ఎక్కుతాడు. పాత సినిమాలో కథ మొదలైన చోటికి వచ్చేశాం.

మావయ్య ముందుకి వంగాడు. “ఈడేరా. ఆ రోజు అరిచినోడు ఈడే” అన్నాడు. అతనికి ఇంగ్లీషు వచ్చుంటే అమెరికావాళ్ళు ఒక్కరూ చచ్చేవారు కాదు. ఓడలో చేరిన మొదటి ఏడాది తనకీ భాష రాక, ఇంజిన్ గదిలో పొగ వస్తోందని చెప్పలేక చేతులూపుతూ నిలబడ్డ రోజొకటి ఉందని అప్పుడు చెప్పాడు. అంతకుముందెప్పుడూ ఆ సంగతి మాకు చెప్పలేదు. తర్వాత పాత సినిమా మొదటి పది నిమిషాలు మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి అతను కిందపడినప్పుడు మాకు చచ్చింది ఎవరో తెలియని మనిషి కాదు, లార్స్.

ఒక ప్రీక్వెల్ నుంచి నేను కోరుకునేది అదే. వాళ్ళందరూ చచ్చిపోతారని ముందే తెలిసి చూస్తాం కాబట్టి, ఎవరు బతుకుతారన్న సస్పెన్స్ ఎలాగూ ఉండదు. రాక్షసి ఎక్కడ పుట్టింది, ఏం తిని పెరిగింది అన్న వివరం నాకు అక్కర్లేదు. ఆ శవానికి పేరు పెట్టగలిగితే చాలు. 2024లో వచ్చిన ‘ద ఫస్ట్ ఒమెన్’ నాకు నచ్చడానికి కారణం కూడా ఇదే. 1976 నాటి ‘ద ఒమెన్’లో ఆ సైతాను బిడ్డ ఎక్కడినుంచి వచ్చాడన్నదే మనకి కావలసింది, తల్లి గురించి ఎవరూ ఆలోచించలేదు. వీళ్ళు ఆలోచించారు. మరోపక్క ‘ద ఎక్సార్సిస్ట్’కి ఏమైందో చూడండి. దర్శకుడు పాల్ ష్రేడర్ ముందు కథ తీస్తే నిర్మాతలకి నచ్చక పక్కన పెట్టి, ఇంకో దర్శకుడు రెనీ హార్లిన్‌తో దాదాపు మొత్తం మళ్ళీ తీయించి 2004లో విడుదల చేశారు. తర్వాత 2005లో మొదటిదాన్నీ విడుదల చేశారు. ఒకే చర్చి ఫాదర్ పాత్ర, ఒకే నటుడు, రెండు సినిమాలు. తమకేం కావాలో తీయించేవాళ్ళకే తెలియకపోతే అభిమాని ఏం చేస్తాడు?

కాబట్టి మీ సినిమా వచ్చినప్పుడు వెళ్ళండి. వెళ్ళేముందు పాతది ఒకసారి చూసుకోండి, ట్రైలర్ మాత్రం చూడకండి, బొమ్మలన్నీ అందులోనే చూపించేస్తున్నారు. నేనైతే మొదటి రోజు జగదాంబ జంక్షన్‌లో మార్నింగ్ షోకే ఉంటాను, పేర్లు పడేటప్పుడు కూడా కుర్చీలోంచి లేవను.